కైతాల ఇంటి పిండితొట్టి

కైతాల ఇంటిని చూడటానికి ఇప్పుడు ఎండాకాలంలో జనం వస్తుంటారు. గోడ దుంగల్లోని తూటా రంధ్రాల్లో వేలుపెట్టి చూస్తారు. మెషిన్‌గన్ కోసం గోడలో కోసిన సందు ముందు నిలబడి ఫోటో దిగుతారు. ఎర్రదళం వాళ్ళు ఎటునుంచి కాల్చారు, తెల్లదళం వాళ్ళు సరస్సు మీద ఎటునుంచి వచ్చారు అని అడుగుతారు. పిండితొట్టి గురించి మాత్రం ఒక్కరూ అడగరు. అడిగినా, ఆ సంగతి చెబితే నవ్వుతారు. అప్పట్లోనూ నవ్వారు.

కుస్తావ అప్పటికి ఆ ఇంటి యజమానురాలు. అరవై దాటిన మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కగానొక్క కొడుకు నెస్తొరి, అంతర్యుద్ధం మొదలవగానే మంచు మీద జారే స్కీలు కట్టుకుని ఉత్తరాదికి పోయి తెల్లదళంలో చేరాడు. ఆ 1918 చలికాలం ఫిన్లండ్‌లో భూమి ఉన్నవాళ్ళలో ఎక్కువమంది తెల్లదళం వైపు, కౌలుదార్లూ మిల్లు కూలీలూ ఎర్రదళం వైపు అయ్యారు. కైతాల ఇల్లేమో సరిగ్గా మధ్యలో పడింది. గుట్ట మీద ఇల్లు, కింద గడ్డకట్టిన సరస్సు, అవతలి ఒడ్డున తెల్లదళం. అలాంటి ఇల్లు కళ్ళబడితే సైన్యం వదులుతుందా? ఎర్రదళం వాళ్ళు నలభై మంది ఒకరోజు పొద్దున్నే బండ్లతో సహా వచ్చి దిగారు.

వాళ్ళకు నాయకుడు ఎవరో కాదు, కైతాల వాళ్ళ కౌలుదారు కొడుకు ఎవర్తి. వాళ్ళమ్మ లొవీసా పెళ్ళికాక ముందు ఈ ఇంట్లోనే పనిమనిషి.

“అమ్మగారూ, ఇల్లు మాకు కావాలి,” అన్నాడు ఎవర్తి గడపలో నిలబడి.

“ఎన్నాళ్ళకి?”

“ప్రభుత్వం అడిగినప్పుడు ఎన్నాళ్ళకని అడక్కూడదు.”

“ప్రభుత్వమా? ఎవర్రా, నువ్వా? మా బఠాణీ చేలో పడి దొంగతనంగా మేసి, కడుపునొప్పని మా గుమ్మంలోనే దొర్లినవాడివి. టోపీ తియ్యి ముందు.”

వెనకున్న వాళ్ళు పకపకా నవ్వారు. ఎవర్తి చెవులు ఎర్రబడ్డాయి. అయినా టోపీ తీశాడు. ఆ తర్వాత ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. పెద్దగదీ, మేడగదీ వాళ్ళకు. తన పడకగదీ ఆవుల కొట్టమూ తనకు. గోడలో సందు కోస్తుంటే దగ్గరుండి చూసింది. “నిటారుగా కోసి చావండి. యుద్ధం అయ్యాక పూడ్చుకోవాల్సింది నేను,” అంది. అవతలి ఒడ్డున తన కొడుకే ఉండొచ్చన్న ఆలోచన ఆమెకు వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? కానీ ఆవులకు మేత వేయాలి, పాలు పితకాలి, కొట్టంలోకి వెళ్ళిపోయింది.

ఆమెకు నిజంగా దిగులు పుట్టించింది రొట్టెల విషయం. ఆ వైపు ఊళ్ళలో రై ధాన్యపు రొట్టెలు ఏడాదికి రెండుసార్లే కాలుస్తారు. మధ్యలో చిల్లుపెట్టి, కర్రలకు గుచ్చి, పెద్దగది కప్పు కింద వరసగా వేలాడదీస్తారు. అవి ఎండి గట్టిపడి నెలల తరబడి నిలుస్తాయి. నలభై నోళ్ళు పైకి చూస్తూ కూర్చుంటే ఎన్నాళ్ళు నిలుస్తాయి? మార్చి నెల సగమయ్యేసరికి కర్రలు బోసిపోయాయి. పిండి మాత్రం కొట్టుగదిలో ఉంది. కాబట్టి మళ్ళీ కాల్చుకోవచ్చు, పిండితొట్టి ఉన్నంతవరకు.

ఆ తొట్టిని కుస్తావ అత్తగారికి ఆమె అత్తగారు ఇచ్చింది. నిలువు చెక్కపలకలు, చుట్టూ ఇనప పట్టీ, నల్లగా మురికిగా కనిపిస్తుంది. దాన్ని ఎవరూ ఏనాడూ కడగరు. రొట్టెల పిండి తీసేశాక గోడలకు అంటుకున్న పిండిని అలాగే ఎండనిస్తారు. మళ్ళీసారి గోరువెచ్చటి నీళ్ళూ పిండీ పోస్తే, ఆ ఎండిన పిండే తోడు అవుతుంది. మన దగ్గర పెరుగు గిన్నెలో చెంచాడు మిగిల్చినట్టు. ఏ ఇంటి తోడు ఆ ఇంటిదే. రొట్టె కొరికి ఇది ఫలానా వాళ్ళింటిదని చెప్పే ముసలివాళ్ళు ఆ ఊళ్ళలో ఉండేవాళ్ళు. పనిపిల్లకు పెళ్ళయి వెళ్ళిపోతుంటే యజమానురాలు తన తొట్టిలోంచి ఒక ముద్ద తీసి ఇచ్చేది. మిగతా కానుకలన్నిటి కంటే అదే పెద్ద మర్యాద. తొట్టి కడిగిన ఇల్లాలంటే ఇక ఆ ఊళ్ళో తలెత్తుకునేది లేదు.

ఎర్రదళానికి వంట చేయడానికి వచ్చిన వాళ్ళలో సైమి అనే పిల్ల ఉంది. తంపెరే పట్నంలో నూలుమిల్లులో పనిచేసేది. చేతికి ఎర్రపట్టీ ఉంది, నోటికి తాళం లేదు. పొద్దస్తమానం పాడుతూ, తుడుస్తూ, కడుగుతూ ఉండేది. కుస్తావకు ఆ పిల్లను చూస్తే చిరాకూ వచ్చేది, ఓ మూల ముద్దూ వచ్చేది. సైమికి దగ్గు పట్టుకుంటే ఆవిరిస్నానాల గది సౌనాను వేడిచేసి ఆవిరి పట్టించింది, తన ఉన్ని మేజోళ్ళు ఇచ్చింది. అదే కొంప ముంచింది. సైమి ఆ రుణం తీర్చుకోవాలనుకుంది.

ఒకరోజు పొద్దున కుస్తావ ఆవుల కొట్టంలోంచి పాలబిందెతో వస్తూ, సౌనా ముందు మంచు మీద ఏదో బోర్లించి ఉండటం చూసింది. తెల్లగా, కొత్త చెక్కలా మెరుస్తోంది. పొగలు కక్కుతోంది. పక్కన సైమి చేతులు మోచేతుల దాకా ఎర్రగా, మొహం నిండా నవ్వు.

“చూడండి అమ్మగారూ! బూడిదనీళ్ళు మరగబెట్టి పోశాను, ఇసకేసి రుద్దాను. ఎన్నేళ్ళ మురికండీ బాబూ! కత్తితో గీకితే గానీ రాలేదు. మీకు ఇంతమాత్రం చేసిపెట్టే మనిషే లేదు పాపం.”

కుస్తావ పాలబిందె నేల మీద పెట్టింది, జాగ్రత్తగా. తర్వాత ఆ పిల్ల చెంప మీద ఒక్కటి కొట్టింది. అప్పుడు మొదలైంది అరుపు. అవతలి ఒడ్డునుంచి గుండ్లు పడ్డప్పుడు కూడా ఆ ఇంట్లో ఎవరూ అలా అరవలేదు. ఎవర్తి తుపాకి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

“ఏమైంది? ఎవరికి తగిలింది?”

కుస్తావ వేలు చూపించింది. ఎవర్తి తొట్టిని చూశాడు. అతను పల్లెలో పుట్టినవాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే టోపీ తీశాడు.

“ఒసే సైమీ,” అన్నాడు మెల్లగా, “ఎంత పని చేశావే. ఫిరంగితో ఇల్లు కూల్చినా ఇంత బాధుండేది కాదు.”

“ఏం చేశాను? కడిగాను. మా పట్నంలో...”

“మీ పట్నంలో రొట్టె కొట్లో కొనుక్కుంటారు. నోరు ముయ్యి.”

సైమికి అప్పటికీ అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పేసరికి ఏడుపు మొదలుపెట్టింది. కుస్తావకు ఆ ఏడుపు చూస్తే ఒళ్ళు ఇంకా మండింది.

“ఏడిస్తే తోడు రాదు. లొవీసా ఇంటికి పో. దాని పెళ్ళికి నా తొట్టిలోంచే ముద్ద ఇచ్చాను, మా ఇంటి తోడు ఇప్పుడు దాని దగ్గరే ఉంది. పిడికెడు పట్టుకురా. తేకుండా నా గడప తొక్కావంటే చూడు.”

“మా అమ్మ ఇస్తుందిలే,” అన్నాడు ఎవర్తి. “అడివి దారిన పో. గుడ్డలో చుట్టి రవికెలో పెట్టుకుని తీసుకురా. చలికి బిగుసుకుపోతే తోడు చచ్చిపోతుంది.”

సైమి ముక్కు తుడుచుకుంటూ వెళ్ళింది. ఆ పిల్ల చెట్ల వెనక మాయమైన కాసేపటికే సరస్సు మీదుగా గుండ్లు పడటం మొదలైంది. కొట్టం కప్పు మూల ఎగిరిపోయింది. మధ్యాహ్నానికి గుర్రం మీద ఒకడొచ్చి, వెనక్కి తగ్గమన్న ఆజ్ఞ చెప్పిపోయాడు. దెబ్బతిన్నవాళ్ళను బండ్ల మీద పడేశారు. ఎవర్తి ఆఖరి బండి దగ్గర నిలబడి అడవివైపు చూశాడు.

“సైమి రాలేదా?”

“రాలేదు.”

“నేను ఆగలేనమ్మగారూ.”

“నిన్ను ఆగమని ఎవరడిగారు? నలభై మందిని పెట్టుకుని ఒక్కదానికోసం ఆగుతావా? పో.”

వెళ్ళిపోయారు. ఆ పిల్ల అటునుంచి అటే వాళ్ళను కలుసుకుని ఉంటుందని కుస్తావ తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నంత తేలిగ్గా నమ్మలేకపోయింది. ఆ అనుమానమే నిజమై, కాసేపటికి సైమి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మోకాళ్ళ దాకా మంచు, చేతులు ఖాళీ.

“ఇంట్లో ఎవరూ లేరమ్మగారూ. పొయ్యి చల్లబడిపోయుంది. తొట్టి కూడా లేదు, పట్టుకుపోయినట్టున్నారు.” చుట్టూ చూసింది. “మావాళ్ళేరీ?”

కుస్తావ గోడలో కోసిన సందులోంచి చూసింది. సరస్సు మీద తెల్ల అంగీల మనుషులు స్కీల మీద వస్తున్నారు, చాలామంది, తొందరేమీ లేకుండా. ఆమెకు భయం వేసింది. తనకోసం కాదు. తను తెల్లదళం వాడి తల్లి, తననెవరూ ఏమీ అనరు. ఈ పిల్లను బండ్లు వెళ్ళే వేళకు ఇంట్లో లేకుండా పంపింది తనే. ఆ సంగతి నుంచి తప్పించుకునే దారి ఆమెకు కనిపించలేదు.

ఎర్రపట్టీ లాగి పొయ్యిలో వేసింది. తన పాత ముసుగుగుడ్డ ఆ పిల్ల తలకు కట్టింది, ఏప్రన్ తగిలించింది.

“నువ్వు ఈ ఇంటి పనిపిల్లవి. ఏ ఊరని అడిగితే నోరు మెదపకు, నేను చెబుతాను.”

“నాకు పాలు పితకడం రాదు.”

“నాకు తెలీదా? ఆ మూల కూర్చుని బంగాళదుంపల తొక్క తియ్యి. అదైనా వచ్చా?”

వచ్చిన వాళ్ళకు నాయకుడు యల్మరి అనే రైతు. పడమటి మైదానాల వాడు, నలభై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. బూట్లకున్న మంచు గడప దగ్గర దులుపుకుని మరీ లోపలికి వచ్చాడు. నెస్తొరి పేరు చెప్పగానే చెయ్యి కలిపాడు.

“మీవాడు నాకు తెలుసమ్మా. దక్షిణం వైపు దళంలో ఉన్నాడు. కులాసా. ఈ పాపిష్టివాళ్ళు మిమ్మల్ని ఏమైనా బాధపెట్టారా?”

“రొట్టెలు తిన్నారు.”

“ఇంకా నయం. వాళ్ళ ఆడవాళ్ళెవరైనా ఇటు వచ్చారా? నిన్న అవతలి ఊళ్ళో ఇద్దరు దొరికారు. వంటవాళ్ళమని మొత్తుకున్నారు. గాదె వెనక పని ముగించాం.” వర్షం పడిందని చెప్పినట్టే చెప్పాడు. తర్వాత మూలకు చూశాడు. “ఈ పిల్లెవరు?”

“మా పనిపిల్ల.”

యల్మరి తల ఊపాడు. మంచినీళ్ళ కోసం పొయ్యి పక్కకు నడిచి, అక్కడే ఆగిపోయాడు. ఆరబెట్టిన తొట్టి పొయ్యి పక్కన ఉంది. వంగి, వేళ్ళ కణుపులతో దాన్ని కొట్టి చూశాడు. లోపల చెయ్యి పెట్టి తడిమాడు. వాసన చూశాడు. లేచేసరికి అతని మొహంలో మర్యాద తగ్గింది.

“ఇది ఎవరు కడిగారు?”

దుంప మీద కత్తి చప్పుడు ఆగింది.

“మా అమ్మయితే దీని దగ్గరికి పాస్టరుగారిని కూడా రానివ్వదు. పల్లెలో పుట్టిన ఏ పిల్లా దీన్ని కడగదు, చంపినా కడగదు. దీన్ని కడిగింది కొట్లో రొట్టె కొనుక్కు తినే మనిషి.” అతను సైమివైపు తిరిగాడు. “ఏ ఊరమ్మాయ్ నీది?”

పొద్దున్నుంచీ కుస్తావకు ఒక్కటే కోరిక. ఈ పని చేసింది ఇదిగో ఈ దరిద్రపు పిల్ల అని ఎవరితోనైనా చెప్పాలి, తొట్టి విలువ తెలిసిన మనిషితో చెప్పాలి, అయ్యో అనిపించుకోవాలి. అలాంటి మనిషి ఇప్పుడు ఎదురుగా నిలబడి అడుగుతున్నాడు. ఆ మాట ఆమె నాలుక చివర ఉంది.

“నేనే కడిగాను,” అంది.

“మీరా?”

“నేనే.”

“ఎందుకు?”

“మురికిగా ఉంది.”

యల్మరి ఆమెను చాలాసేపు చూశాడు. కుస్తావ కళ్ళు దించలేదు, కానీ మొహం మండిపోతోంది, నిజంగానే మండుతోంది. ఆ సిగ్గును నటించడం ఎవరివల్లా కాదు. బహుశా అది చూసే నమ్మాడు. తల వెనక్కి వాల్చి నవ్వాడు. బయటున్నవాళ్ళను కేకేసి పిలిచాడు.

“రండర్రా, రండి! చూడండి, ఇంతటి ఇంటి యజమానురాలు పిండితొట్టి కడిగి ఆరబెట్టింది! ఎందుకమ్మా అంటే మురికిగా ఉందట!”

వాళ్ళంతా పల్లెవాళ్ళే. కడుపు పట్టుకుని నవ్వారు. ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు. “ఇలాంటి అమ్మగారి దగ్గర పని నేర్చుకుంటున్నావా, పాపం,” అని సైమి తల నిమిరాడు ఇంకొకడు. వాళ్ళు ఆ రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు దక్షిణానికి సాగిపోయారు. వాళ్ళతోపాటే ఆ కథ కూడా వెళ్ళింది.

సైమి ఉండిపోయింది. వెళ్ళడానికి చోటెక్కడ? తంపెరే తెల్లదళం చేతికి చిక్కింది, మిల్లు మూతపడింది. పాలు పితకడం నేర్చుకుంది. ఆవులు తన్నాయి, మళ్ళీ కూర్చుంది. తొట్టి గురించి మాత్రం ఇద్దరూ మాట్లాడుకోలేదు. కుస్తావ పొరుగున హొన్కొల వాళ్ళింటికి తోడు అడగడానికి వెళితే, ఆ ఇల్లాలు ముద్ద చేతిలో పెడుతూ, “ఇదైనా కడక్కుండా ఉంచుకుంటారా వదినా?” అంది. పక్కనే ఉన్న కోడళ్ళిద్దరూ మొహాలు తిప్పుకున్నారు. చర్చిలో ఆమె కూర్చునే వరసలో గుసగుసలు. పాత స్నేహితురాళ్ళు ఆరోగ్యం ఎలా ఉందని చిన్నపిల్లను అడిగినట్టు అడిగేవాళ్ళు. కుస్తావ బాగానే ఉందనేది.

యుద్ధం ముగిసి, చెట్లు చిగిర్చాక, నెస్తొరి ఇంటికొచ్చాడు. రెండు రోజుల సెలవు మీద. తంపెరే ఖైదీల శిబిరంలో కాపలా పని ఇచ్చారట. బాగా చిక్కిపోయాడు, చూపు ఒకచోట నిలవడం లేదు. తల్లి ఉప్పుచేప, మజ్జిగ, కొత్త రొట్టె ముందు పెట్టింది. సైమి పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి కట్టెలు సర్దుతోంది.

నెస్తొరి రొట్టె విరిచి కొరికాడు. నమలడం మెల్లగా ఆగిపోయింది.

“ఇది మన రొట్టె కాదు.”

“హొన్కొల వాళ్ళ తోడు.”

అతను ముక్క పక్కన పెట్టాడు. “అయితే నిజమేనన్నమాట. మా దళంలో ఒకడు చెప్పాడమ్మా ఈ కథ. ఏదో ఇంటి ఇల్లాలట, తొట్టి కడిగిందట. అందరితోపాటు నేనూ నవ్వాను. తర్వాత వాడు ఇంటి పేరు చెప్పాడు. వాడి పన్ను ఊడగొట్టాను. మా అమ్మ అలాంటిది కాదన్నాను. ఒట్టేశాను.”

కుస్తావ మజ్జిగ గ్లాసు అతని ముందుకు జరిపింది.

“నువ్వు కడగలేదు. నాకు తెలుసు. ఎర్రదళం వాళ్ళు ఇక్కడే ఉన్నారు కదా. వాళ్ళ ఆడమనిషెవతో కడిగుంటుంది. అవునా? ఎవతో చెప్పు.”

దీనికి ఆమె దగ్గర జవాబు ఉంది. వాళ్ళ సిపాయిలు తొట్టిలో కాళ్ళు కడుక్కున్నారు, అసహ్యం పుట్టి నేనే కడిగాను. ఎంత చక్కటి అబద్ధం! యల్మరి నవ్వుకుంటూ వెళ్ళిపోయిన మర్నాడు తోచింది. అప్పట్నుంచీ కొడుకు కోసం దాచుకుంది. అది చెబితే పరువూ దక్కుతుంది, పిల్లా దక్కుతుంది.

“వాళ్ళు...” అని మొదలుపెట్టింది.

“వాళ్ళేం చేశారు? చెప్పమ్మా. ఎవర్తి మా శిబిరంలోనే ఉన్నాడు. వాడిమీద ఇంకా ఏమీ తేల్లేదు. మన ఇంట్లో వాడి మనుషులు ఏం చేశారో నువ్వు ఒక్క మాట చెప్పు. సోమవారం విచారణ. ఆ ఒక్క మాటే చాలు.”

ఆ చక్కటి అబద్ధం కుస్తావ నోట్లోనే ఆగిపోయింది. బఠాణీల కడుపునొప్పితో గుమ్మంలో దొర్లిన పిల్లవాడికి ఆ రోజు కషాయం పట్టింది తనే. ఇప్పుడు వాడి ప్రాణం తీసే మాట కూడా తన చేతిలోనే పెట్టాడు, తను కన్న కొడుకు.

“వాళ్ళేం చెయ్యలేదు. రొట్టెలు తిన్నారు. గడపలో టోపీ తీసేవాళ్ళు.”

“మరి తొట్టి?”

“నేనే కడిగాను నాయనా.”

“ఎందుకు?”

“మురికిగా అనిపించింది.”

నెస్తొరి ఆమెను చూశాడు. ఈసారి చూపు నిలిచింది. మతి తప్పిన మనిషిని చూసే చూపు అది, అందులో జాలి కూడా ఉంది. కొడుకు మొహంలో ఆ జాలి చూడటం ఆమెకు సిగ్గుకంటే కష్టంగా తోచింది.

“సరే,” అన్నాడు లేస్తూ. “పెద్దదానివయ్యావమ్మా. హొన్కొల వాళ్ళ చిన్నమ్మాయితో నాకు సంబంధం మాట్లాడుతున్నారు. పెళ్ళయ్యాక కొట్టుగది తాళాలు ఆ పిల్లకిచ్చెయ్యి. అప్పటిదాకా నా దగ్గర ఉంటాయి.”

కుస్తావ నడుముకున్న తాళాల గుత్తి విప్పింది. ముడి బిగుసుకుపోయింది, కాస్త ఆలస్యమైంది. బల్ల మీద రొట్టె పక్కన పెట్టింది. అతను తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

సైమి పొయ్యి దగ్గరనుంచి వచ్చి ఆమె పాదాల దగ్గర కూలబడి, చెయ్యి పట్టుకుని, చప్పుడు రాకుండా ఏడ్చింది. కుస్తావ చెయ్యి విడిపించుకుంది.

“లే. ఏడవకు. నన్ను దేవతలా చూడకు. తొట్టి గుర్తొస్తే నిన్ను ఇప్పటికీ నాలుగు తన్నాలనే ఉంటుంది.”

“నన్ను క్షమించలేదా అమ్మగారూ?”

“నిన్ను చంపనివ్వలేదు. క్షమించానని ఎవరు చెప్పారు?”

సైమి మొహం తుడుచుకుని లేచింది. పాలు పితికే వేళయింది. బిందె తీసుకుని కొట్టంలోకి వెళ్ళింది.